ఒక్క కార్డు, ఒక్క మనిషి

జూన్ 11, 2024. కామారెడ్డి

ఎవరూ చప్పట్లు కొట్టలేదు కాబట్టి నేనే ఇక్కడ రాసుకుంటున్నాను. ఈరోజు వర్క్‌ఫ్లో మొదటి పెట్టె నుంచి ఆఖరి పెట్టె దాకా ఎవరి చెయ్యీ పడకుండా నడిచింది. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో బీడీలు చేసే ఆడవాళ్లు ఊపిరి కొలిచే ఊదుడు మిషన్‌లో ఊదుతారు. ఆ అంకెలు ట్యాబ్‌ల నుంచి మా ఆఫీసు సర్వర్‌లో పడతాయి. అక్కడ తప్పులు శుభ్రమవుతాయి, ఒకే మనిషి రెండుసార్లు వచ్చి ఉంటే ఒకటి పోతుంది, వయసుకూ ఎత్తుకూ తగ్గట్టు లెక్క తేలుతుంది. ఊపిరి మరీ తక్కువ ఉన్నవాళ్లకు కంప్యూటరే ఫోన్ చేసి స్కాన్‌కు రమ్మంటుంది. స్కాన్, మందులు, దారి ఖర్చు అన్నీ ప్రాజెక్టువే. తంబాకు దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో చివర్లో ఒక బొమ్మగా గీసి చూపిస్తుంది.

ఈ పరిశోధనకు పెద్ద అరుణజ్యోతి మేడమ్. హైదరాబాద్ నుంచి వీడియోలో చూసి "నీట్‌గా ఉంది శైలేందర్" అన్నారు. ఆమె నోటి నుంచి ఆ మాట రావడమంటే మామూలు సంగతి కాదు. నా గోడ మీది తెల్లబోర్డు నిండా పెట్టెలూ బాణాలే. వచ్చినవాళ్లు ఇదేం ముగ్గని అడుగుతారు. చెప్పను. చెబితే సగంలో ఫోన్ చూసుకుంటారు.

జూన్ 19

పేర్లతో చస్తున్నాను. ఒక్క ఊళ్లోనే పదిమందికి పైగా లింగవ్వలు. అదే మనిషి ఒకచోట లింగవ్వ, ఇంకోచోట లింగమ్మ. వయసు అడిగితే "నువ్వే ఏసుకో బిడ్డా" అంటారు. ఆధార్ అడిగితే లేచి వెళ్లిపోతారు.

ఊళ్లు తిరిగే హారిక ఒక మాట అంది. "అన్నా, బీడీ కార్డు నంబరు అడుగుండ్రి. నిద్రల లేపినా చెప్తరు."

నిజమే. కార్ఖానా ఇచ్చే ఆ కార్డు మీదే పీఎఫ్, ఆ కార్డు మీదే పింఛను. ఆ నంబరు తప్పు చెప్పే ఆడమనిషి ఈ జిల్లాలో లేదు. అందుకే రూలు రాశాను: ఒక్క కార్డు, ఒక్క మనిషి. అదే కార్డు రెండోసారి వస్తే రెండోది పక్క ఫోల్డర్‌లో పడుతుంది, ముందుకు రాదు. మేడమ్ వెంటనే సరేనన్నారు. ఇంత తేలికైన దారి నెల రోజులుగా ఎందుకు తట్టలేదో.

జూలై 3. ఎల్లారెడ్డి

ఫోన్‌లో వినిపించే మాట రికార్డు చేయడానికి ఇంటికి వచ్చాను. ఆఫీసులో ఏసీ మోత. ఇక్కడ ముందర్రలో అక్క చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. మా ఇద్దరినీ కన్న అవ్వ చూపు మసకబారి ఎప్పుడో మానేసింది, ఆకు తడిపి ఇవ్వడం వరకే. నేను కాగితం పట్టుకుని "నమస్కారం, మీ శ్వాసకోశ పరీక్ష ఫలితాలు..." అని మొదలుపెట్టగానే అక్క నవ్వింది. నవ్వు దగ్గయింది.

"గిదేంది రా, బ్యాంకోళ్లు చేసినట్టున్నది. లోను కిస్తీ అనుకొని పెట్టేస్తరు."

"మరెట్ల చెప్పాలె?"

"ఇంట్ల పిలిచినట్టు పిలువు. ఎవలో ఎందుకు, నన్నే పిలువు."

కాగితం పక్కన పడేసి ఆమెను చూస్తూ చెప్పాను. "అక్కా, నేను కామారెడ్డికెల్లి మాట్లాడుతున్న. నువ్వు మొన్న మిషన్ల ఊదినవు గద, ఊపిరి జర తక్కువ వచ్చింది. ఏం భయపడకు. జల్ది రా అక్కా, నేనున్న."

మూడుసార్లు చేశాం. ప్రతిసారీ చివర్లో అక్క దగ్గు పడింది. ఆఖరి రికార్డింగులో ఆ దగ్గును కోద్దామని చూస్తే "నేనున్న" కూడా సగం పోతోంది. అట్లాగే ఉంచేశాను. ఎవరు వింటారు అంత చెవి పెట్టి. పొద్దున ఎనిమిదింటికి ఈ ఫోన్ వెళుతుంది. మనిషి స్కాన్‌కు రాకపోతే మరునాడు మళ్లీ, మూడో రోజు మళ్లీ.

సాయంత్రం అక్క చేసిన బీడీలు అవ్వ కార్డు మీద కార్ఖానాలో ఇచ్చి వచ్చాను. చిన్నప్పటి పనే. తోవలో వాన.

జూలై 22

ఎల్లారెడ్డి క్యాంపు అయిపోయింది. అవ్వ ఊదింది, అక్క ఊదింది. నేను అక్కడ లేను. మనవాళ్లు ఊదుతుంటే నేను ఉండకూడదు, అది పద్ధతి.

హారిక ఫోన్ చేసింది. "అన్నా, మీ అక్క మూడుసార్లు ఊది గోడకు ఒరిగి కూసున్నది. ఊదిన అంకెలు జర చూడండ్రి."

క్యాంపులో ఎవరికీ ఆ అంకెలు చెప్పొద్దని మేమే పెట్టుకున్నాం, జనం బెదిరిపోతారని. "అవసరముంటే మిషనే పిలుస్తది, మనం చూడొద్దు" అన్నాను. పేర్లు తెరిచి చూడటం మొదలుపెడితే ఇక ఆ డేటాకు విలువేముంది?

ఆగస్టు 8

ఫోన్లు వెళ్లాయి. మా ఇంటికి రాలేదు.

అక్కకు నేనే ఫోన్ చేసి చెప్పాను. "నీకు ఫోన్ రాలేదంటె నువ్వు మంచిగున్నవన్నట్టె. మనిషైతే మరుస్తడు, మిషన్ మరువది."

"మరి గీ దగ్గేంది?"

"పొయ్యి పొగ. ఆకు వాసన. కిటికీ తెరిచి కూసో."

గుండె మీది బరువు దిగిపోయింది. ఇన్నాళ్లూ బరువు ఉన్నట్టు కూడా నాకు తెలియలేదు.

సెప్టెంబర్ 2

అక్క సన్నబడింది. ఉపవాసాలు ఎక్కువ చేస్తోందట.

సెప్టెంబర్ 20

అక్క అంకెలు చూద్దామా అనిపించింది. చూడలేదు. చూడకూడదు.

అక్టోబర్ 10. ఎల్లారెడ్డి

సద్దుల బతుకమ్మ. అక్క పేర్చిన బతుకమ్మ ఎప్పట్లాగే వాడకట్టులో పెద్దది. ఆటలో మాత్రం రెండు చుట్లు తిరిగి చీర కొంగు మూతికి అడ్డం పెట్టుకుని పక్కకు వచ్చి కూర్చుంది. ఏటా పాట అందుకునేది ఆమే. ఈసారి వేరే ఎవరో అందుకున్నారు. నేను పక్కన కూర్చుంటే "ఊపిరి సాల్తలేదు రా" అంది, నవ్వుతూనే.

డాక్టరుకు చూపిద్దామన్నాను. "నీ మిషన్ మంచిగనే ఉన్నదన్నది గద. మళ్ల ఎందుకు?" అంది.

నిజమే కదా. నా మాటను నేనే కాదంటే ఎట్లా?

అక్టోబర్ 27. కామారెడ్డి

మొత్తం బొమ్మ వచ్చింది. బీడీలు చేసే ఆడవాళ్ల ఊపిరి, పోలికకు ఊదించిన, బీడీలు ఎన్నడూ చేయనివాళ్ల కంటే బాగుంది!

రెండుసార్లు నడిపాను. అదే వచ్చింది. మూడోసారి మేడమ్ తన ముందే నడిపించారు. తరువాత "వింతగా ఉంది, కానీ డేటా చెబుతున్నది అదే అయితే మనం రాయాలి" అన్నారు. డిసెంబర్ చివరికి పేపర్ పంపాలి. పేపర్ మీద నా పేరు మూడోది.

అక్క సంగతి గుర్తొచ్చి ధైర్యం వచ్చింది. ఇంతమందికి ఏమీ కాకపోతే ఆమెకు మాత్రం ఏమవుతుంది?

నవంబర్ 15

బావ మస్కట్ నుంచి ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, మీ అక్క తువ్వాలకు నెత్తురు పడ్డదట. నువ్వు టెస్టు చేయించినవ్ గద?"

"చేయించిన బావా."

"మరి?"

బస్సెక్కాను.

నవంబర్ 19. హైదరాబాద్

ఊపిరితిత్తిలో గడ్డ. రెండో పక్కకూ పాకింది. మందు పెడతాం, చూద్దాం అన్నారు. ఆ "చూద్దాం" నాకు నచ్చలేదు.

డాక్టరు మంచాయన, నెమ్మదిగానే అడిగాడు. "ఈ మధ్య ఊపిరి పరీక్ష ఏదీ చేయించలేదా అమ్మా?"

అవ్వ జవాబు చెప్పింది. "మా కొడుకే చేయించిండు సారూ. కంప్యూటర్ల బాగనే ఉన్నదని వచ్చింది."

ఆయన నా వైపు చూశాడు. నేను బాటిల్ తీసుకుని నీళ్లకని బయటికి వెళ్లాను. మిషన్ తప్పు కాదు. జూలై తరువాతే వచ్చి ఉంటుంది. కొన్ని గడ్డలు తొందరగా పెరుగుతాయని నెట్‌లో ఉంది.

నవంబర్ 30

జూలై తరువాతే వచ్చి ఉంటుంది.

డిసెంబర్ 14. ఎల్లారెడ్డి

అక్కకు బావ చెల్లెలిని తోడు పెట్టి అవ్వను ఇంటికి తెచ్చాను. నెలరోజులుగా బీడీలు ఇవ్వలేదని కార్ఖానా నుంచి కబురు, కార్డు ఆగిపోతుందని. అవ్వ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. అక్కడ బీడీలు లెక్కబెట్టి తీసుకునే కిష్టయ్య బల్ల వెనక కూర్చుని "ఏమైంది లింగవ్వా, బీడీలు బంద్ జేసినవ్?" అని అడిగాడు.

అవ్వ అంది. "చేసేటామె దవాఖానల ఉన్నది. కార్డు నాదే గని చేతులు దానివి గద."

కిష్టయ్య తల ఊపాడు. వరుసలో నిలబడ్డ ఆడవాళ్లెవరూ తిరిగి కూడా చూడలేదు. ఇందులో వింతేముంది? అత్త కార్డు మీద కోడలు చేస్తుంది, తల్లి కార్డు మీద బిడ్డ చేస్తుంది. కొత్త కార్డు ఎవరికీ ఇవ్వరు, పాతది పోతే పింఛను పోతుంది. అక్క పన్నెండేళ్లప్పటి నుంచి అవ్వ కార్డు మీదే చేస్తోంది. ఆ బీడీలు మోసింది నేను. ఈ మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే.

ఒక్క కార్డు మీద ఎంతమంది చేస్తారని అవ్వను అక్కడే మళ్లీ మళ్లీ అడిగాను. అవ్వ నాకు ఎండ తగిలిందనుకుంది.

డిసెంబర్ 15. కామారెడ్డి

పక్క ఫోల్డర్ తెరిచాను. జూన్ నుంచి ఒక్కసారి కూడా తెరవలేదు.

క్యాంపులో ముందు ముసలివాళ్లను కూర్చోబెట్టారు. కాబట్టి ముందు ఊదింది కార్డున్న అత్తలు, తల్లులు. వాళ్లలో చాలామంది బీడీలు మానేసి ఏళ్లయింది. వెనక ఊదింది రోజంతా తంబాకు ముందు కూర్చునే కోడళ్లూ బిడ్డలూ. అదే కార్డు రెండోసారి వచ్చింది. నా రూలు వాళ్లను పక్కకు తోసేసింది. ముందు ఊదినవాళ్లను ఉంచుకుని, బీడీలవాళ్ల ఊపిరి బాగుందని బొమ్మ గీసింది. ఆ ఫోల్డర్‌లో ఆరొందలకు పైగా మనుషులున్నారు.

అక్క ఉంది. మూడుసార్లు ఊదిన అంకెలు మూడూ ఉన్నాయి. ఫోన్ చేయాల్సిన హద్దులో సగం కూడా లేవు. జూలైలోనే లేవు.

నేను నా అక్కను చంపుకున్నాను అని రాసి కొట్టేశాను. మళ్లీ రాస్తున్నాను.

డిసెంబర్ 16

ఆఫీసుకు పోలేదు.

డిసెంబర్ 20. హైదరాబాద్

చెప్పాను. చెప్పకుండా ఉండలేక చెప్పాను, ఆమె కోసం కాదు. అవ్వ ఊళ్లోనే ఉంది, తోడున్న పిల్ల టీకి వెళ్లింది. అక్క ముక్కుకు గొట్టం. అన్నీ విని దిండు మీద కొంచెం పైకి జరిగింది.

"కార్ఖానల మంచియి కట్టగట్టి, నాసియి ఏరి పారేస్తరు గద. నీ మిషన్ గూడ నన్ను గట్లనే పారేసిందా?"

"అవునక్కా."

"మిషనా, నువ్వా?"

"నేనే."

కోపం వస్తుందనుకున్నాను. వచ్చింది. మొహం అటు తిప్పుకుంది. నేను చెయ్యి పట్టుకోబోతే లాగేసుకుంది. వేళ్ల చివర్లు ఇంకా పసుపుపచ్చగానే ఉన్నాయి, తంబాకు రంగు ఒక నెలలో పోదు. అటువైపు నుంచే అడిగింది.

"నేనొక్కదాన్నేనా, ఇంక ఉన్నరా?"

"ఉన్నరు. మస్తుమంది."

"మరి ఈడ కూసున్నవేంది? పో, వాళ్లను పిలువు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "కార్డుల సంగతి మాత్రం ఎవ్వల చెవిన పడనియ్యకు. పింఛన్లు బంద్ జేస్తే ముసలోళ్లు సస్తరు."

లేచాను. గుమ్మం దాకా వెళ్లాక పిలిచింది.

"శైలూ. నన్ను గూడ లెక్కల పెట్టు."

డిసెంబర్ 23

మేడమ్‌కు చెప్పాను. కార్డుల మాట బయటికి పోకూడదన్నాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, రాయడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం. పేపర్ అప్పుడే వెళ్లి ఉంది. ఆమె మొదట నమ్మలేదు, తరువాత తన తప్పు కూడా ఉందన్నారు, వెనక్కు తెప్పిస్తానన్నారు. ఫోన్ పెట్టేముందు ఒక్కమాట అన్నారు.

"నాకు ఆ కార్డుల పద్ధతి తెలియదు శైలేందర్. నువ్వు ఆ ఇంట్లోనే పుట్టావు కదా."



జనవరి 4, 2025

రూలు తీసేశాను. కార్డు, వయసు, ఎత్తు, పుట్టిన ఊరు కలిపి మనిషిని గుర్తుపట్టేట్టు కొత్త పెట్టె రాస్తున్నాను. మనిషి తేలగానే కార్డు నంబరు చెరిగిపోతుంది, ఏ ఆఫీసుకూ దొరకదు. తప్పుపడితే మళ్లీ ఎవరో ఒకరు పోతారు. ప్రతి వరుసనూ హారికా నేనూ ఇంటింటికీ ఫోన్ చేసి సరిచూస్తున్నాం, మా ఇంటికి తప్ప. ఏ అంకె ఎవరిదో తేలకుండా స్కాన్‌కు పిలవలేం, నెల పడుతుంది. మేడమ్ తొందరపెట్టడం లేదు. అక్క తొందరపెడుతోంది, ఎంతమంది అయ్యారని రోజూ అడుగుతుంది.

జనవరి 9

అడగలేదు. నిద్రలో ఉందట.

జనవరి 12

అక్క పోయింది.

జనవరి 28

బావ తిరిగి వెళ్లిపోయాడు. నాతో మాట్లాడలేదు. నా రూలు సంగతి అవ్వకు ఇంకా చెప్పలేదు నేను. ఎవరూ చెప్పలేదు. దేవుడు తీసుకపోయిండంటోంది. అననీ.

ఫిబ్రవరి 3. కామారెడ్డి

సాయంత్రానికి మొత్తం నడిచింది. బొమ్మ తిరగబడింది. బీడీల ముందు ఎన్నేళ్లు కూర్చుంటే ఊపిరి అంత తక్కువ, ఇప్పుడు గీత నిటారుగా కిందికి దిగుతోంది. రేపు పొద్దున నూట ఎనభైమందికి ఫోన్ వెళుతుంది. హారిక ఏడ్చింది. మేడమ్ "థాంక్యూ" అని ఒక్క మాట రాశారు.

ఆ నూట ఎనభైమందిలో అక్క ఉంది. ఇన్ని పెట్టెలు గీశాను, చనిపోయినవాళ్ల కోసం ఒక్క పెట్టె గీయలేదు. చేత్తో తీసేయవచ్చు, ఒక్క నిమిషం పని. తీసేయబోయాను. లెక్కలో పెట్టమంది కదా. ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో ఎట్లా తీసేయను? అక్క ఫోన్ ఆఫ్ చేసి బీరువాలో పెట్టాం, మోగదు. ఎవరికీ వినబడదు.

అందుకే తీసేయలేదు.

ఫిబ్రవరి 4

తొమ్మిది దాటాక అవ్వ ఫోన్ చేసింది. ఆయాసపడుతోంది.

"ఏమైంది అవ్వా?"

"నువ్వు పొద్దుగాల ఫోన్ జేసినవ్ రా."

చేయలేదు అనబోయి ఆగిపోయాను. క్యాంపులో అక్క ఇచ్చింది అవ్వ ఫోన్ నంబరు. కార్డు మీద ఉన్న నంబరు. ఒక్క కార్డు, ఒక్క ఫోన్. కొత్త పెట్టెలో మనుషులను విడదీశాను కానీ ఫోన్లు విడదీయలేదు. మళ్లీ అదే తప్పు.

"అక్కా అని పిలుస్తున్నవ్. జల్ది రా, నేనున్న అంటున్నవ్. నేను అవ్వను రా అంటే ఇంటలేవు. మళ్ల..." ముక్కు చీదుకుంది. "మళ్ల ఎనుక అది దగ్గింది రా. నీ పక్కనే ఉన్నట్టు దగ్గింది."

అప్పుడు చెప్పాను. జూన్ నుంచి మొదలుపెట్టి అంతా, రూలు, ఫోల్డర్, మూడు అంకెలు, అక్క అడిగిన ప్రశ్న. ఆఫీసులో అందరూ ఉన్నారు, వినబడితే వినబడనీ అని చెప్పాను.  నేను ఆపేశాక ఫోన్ కట్ అయిందేమోనని చూశాను. కాలేదు.

"గయన్ని నాకు తెల్వయి" అంది చివరికి. "రేపు గూడ చేస్తదా ఆ మిషన్?"

"స్కాన్‌కు రాకపోతే చేస్తది. మూడు దినాలు."

"రాదు గద అది."

"రాదు."

"అయితే చెయ్యనీ" అని పెట్టేసింది.

ఆఫీసు నిండా ఫోన్లు మోగుతున్నాయి. ఎక్కడికి రావాలి, ఏ బస్సు, ఏం తినకుండా రావాలా అని ఆడవాళ్లు అడుగుతున్నారు. హారిక జవాబులు చెబుతోంది. నేను అక్క వరుస తెరిచాను. రేపు ఎనిమిదింటికి మళ్లీ వెళుతుంది.

ఆపలేదు.